పొయ్యి వెలిగించని ఇల్లు

ఇది నేను చెప్తుంటే మంగతాయారు గారు రాస్తున్నారు. నాకు సంతకం పెట్టడం వచ్చు. బస్సు మీద భీమవరం అని ఉంటే పోల్చుకోగలను. అంతకు మించి చదువు లేదు. మొదలుపెట్టక ముందే ఆవిడతో ఒక మాట అన్నాను.

"మీరు టీచరుగా చేసి రిటైరైనవారు. నా మాట మొరటుగా ఉందని మీ మాటలేవో మధ్యలో కలుపుతారేమో. కలపకండి."

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని, "కలపనండి. రాసిందల్లా చదివి వినిపిస్తాను. అనుమానం ఉంటే మీ అమ్మాయి చేత కూడా చదివించుకోండి" అన్నారు.

అనుమానం ఉంటే ఏమిటి, అనుమానం ఎప్పుడూ ఉంటుంది. నా జబ్బే అది. జబ్బు తగ్గాక నా దగ్గర మిగిలిపోయిందీ అదే. కాకపోతే నేను పడ్డ అనుమానాల్లో ఒకటి నిజం. అందరూ పిచ్చి అన్నారు గాని అది నిజం. దాని గురించి చెప్పడానికే ఈ కూర్చోవడం. ఇంట్లో నాలాంటి మనిషి ఉన్నవాళ్ళు వింటే చాలు.

ఆయన పోయిన ఏడాది

మాది భీమవరం అవతల, రొయ్యల చెరువుల మీద బతుకు. మా ఆయన ఒక ఆసామి దగ్గర చెరువు కాపలా చేస్తూ, మేత చల్లేవాడు. గట్టు మీద రేకుల షెడ్డులో ఉండేవాళ్ళం. మా అమ్మాయి దుర్గ అక్కడే పెరిగింది. పెద్దయ్యాక భీమవరంలో మేత కొట్టులో లెక్కలు చూసే పనికి కుదిరింది.

మేతలో మందు కలిపే పని నాది. రొయ్యకి జబ్బు చేస్తే నోరు తెరిపించి మందు పొయ్యలేం కదా. పెద్ద టబ్బులో మేత పోసి, పొడి మందు చల్లి, నీళ్ళలో విడిపోకుండా జిగురు పోసి, చేత్తో పైకీ కిందికీ తిప్పి నీడన ఆరబెట్టాలి. ఎంత బాగా కలిపితే రొయ్యకి అంత తెలియదు. చెరువులో తాడు కట్టి దించిన చెక్ ట్రే అని ఒకటి ఉంటుంది. పళ్ళెం లాంటిది. అందులో కూడా గుప్పెడు మేత వేసి, కాసేపాగి పైకి లాగి చూస్తాం. ఖాళీగా ఉంటే తిన్నాయని. మిగిలి ఉంటే ఎక్కడో తేడా వచ్చిందని. నా చెయ్యి మంచిదని, నేను కలిపిన మేత ట్రేలో మిగలదని మా ఆసామి నలుగురిలో చెప్పేవాడు.

ఆ ఏడు శ్రావణంలో, వాన పడుతుండగా, నీళ్ళు చిలికే మిషను ఆగిపోయిందని మా ఆయన చెరువులోకి దిగాడు. కరెంటు కొట్టింది. అంతే.

ఆ మిషను వైరు తెగితే దానికి గుడ్డ చుట్టి ఉండడం నేను చూశాను. అది నిజం. కానీ కర్మలన్నీ అయ్యాక నా బుర్ర దాని మీద ఇంకేదేదో కట్టుకుంటూ పోయింది. వైరు చూసింది నేనొక్కదాన్నే కాబట్టి ఆసామి మనుషులు నన్ను కూడా చంపేస్తారని అనుకున్నాను. గట్టు మీద మోటారు సైకిలు ఆగితే నా కోసమే. కుళాయి నీళ్ళు రంగు మారితే నా కోసమే. దుర్గ నన్ను భీమవరంలో తన గదికి తీసుకెళ్ళిపోయింది. అక్కడికి వెళ్ళినా ఆగిపోయిన ఆ చెరువు మిషను చప్పుడు చెవుల్లో తిరుగుతూనే ఉండేది. మాట్లాడటం దాదాపు మానేశాను. మాట్లాడితే నాకేం తెలుసో వాళ్ళకి తెలిసిపోతుంది. వండింది తినడం మానేశాను. తొక్క ఉన్నదే తినేదాన్ని. అరటిపండు, పెంకు తియ్యని ఉడికిన గుడ్డు, నా ఎదురుగా కొట్టిన కొబ్బరి బొండం. తొక్కలోకి ఎవరూ ఏమీ కలపలేరని నా లెక్క.

మా తమ్ముడు గంగరాజు కారు మాట్లాడుకుని వచ్చాడు. "అంతర్వేది వెళ్ళొద్దామక్కా, స్వామి దర్శనం చేసుకుంటే మనసు కుదుటపడుద్ది" అన్నాడు. కొబ్బరికాయ కూడా కొని నా ఒళ్ళో పెట్టాడు. సరే అనుకున్నాను. కారు తణుకు చేరింది.

"అంతర్వేదికి తణుకు మీంచి వెళ్తారేంట్రా?"

"ఆ రోడ్డు బాగోలేదక్కా. చుట్టు తిరిగి వెళ్తున్నాం."

చుట్టు తిరిగి తిరిగి గోదావరి బ్రిడ్జి ఎక్కాం. రాజమండ్రిలో ఒక ఆసుపత్రి ముందు ఆగాం. లోపలికి వెళ్ళేదాకా ఆ కొబ్బరికాయ నా చేతిలోనే ఉంది. నర్సమ్మ తీసుకుంది. నన్ను పెట్టిన గదికి గడియ లోపల లేదు, బయట మాత్రమే ఉంది. అది వేసిన చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది. చావు కబురు చెప్పినప్పుడు కూడా నా ఒళ్ళు అంత చల్లబడలేదు.

వాళ్ళు మంచివాళ్ళా చెడ్డవాళ్ళా అంటే, కొట్టలేదు, తిట్టలేదు. ఒక ఆయమ్మ నా తల దువ్వేది. కానీ తీర్థానికని చెప్పి తెచ్చిన చోట ఎవరు ఏం చేసినా అందులో ఇంకేదో ఉందనే అనిపిస్తుంది.

పెరుగన్నం

ఇంటికి పంపించాక మాత్రలు ఇచ్చారు. నేను వేసుకోలేదు. దుర్గ బతిమాలింది, ఏడ్చింది, ఒకసారి నా కాళ్ళు పట్టుకుంది. నోరు తెరవలేదు. తరవాత ఎందుకో అడగడం మానేసింది. అదే రోజుల్లో దాని చేత్తో పెరుగన్నం కలిపి పెడితే నేను కొద్దికొద్దిగా తినడం మొదలుపెట్టాను. ఎందుకు తిన్నానంటే చెప్పలేను. అది నా కూతురు. ప్రపంచమంతా ఒక పక్కనుంటే అది ఇంకో పక్క అనుకున్నాను.

సంక్రాంతి వెళ్ళాక చెవుల్లో మిషను చప్పుడు తగ్గింది. నిద్ర పట్టింది. వీధిలో మోటారు సైకిలు ఆగితే పక్కింటి పాలవాడే అని తెలిసేది. ఒక మధ్యాహ్నం పెరుగన్నం ముద్ద చేస్తుంటే వేళ్ళకి గట్టిగా ఏదో తగిలింది. తీసి చూశాను. చిన్న పెచ్చు. ఒక వైపు గులాబి రంగు, ఇంకో వైపు తెలుపు. మాత్ర నలిపినప్పుడు సరిగా నలగని ముక్క.

నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. చెరువు గట్టు మీద నా జీవితమంతా అదే పని కదా.

తలెత్తి చూశాను. దుర్గ తలుపు దగ్గర నిలబడి ఉంది. నన్ను చూడటం లేదు. కంచం వైపు చూస్తోంది. తాడు పట్టుకుని ట్రే పైకి లాగినప్పుడు నేను ఎలా చూసేదాన్నో అచ్చం అలాగే.

ఆ ముక్క కంచం కిందకి తోసేసి మిగతాది తిన్నాను. మర్నాడు దానితో, "ఆ మాత్రలేవో నా చేతికివ్వు. నేనే వేసుకుంటాను" అన్నాను. అన్ని నెలల తరవాత నేను దానితో పూర్తిగా అన్న మాట అదే. దుర్గ నన్ను పట్టుకుని ఏడ్చేసింది. అమ్మ మారిపోయింది, తనంతట తానే మందు అడిగిందని డాక్టరు గారికి ఫోన్ చేసి చెప్పింది. నేను అడిగింది మందు మీద ఇష్టంతో కాదు. నా చేతిలో ఉంటే ఇంకొకళ్ళు నా అన్నంలో కలపరని.

ఆ రోజు నుంచి నా కూతురు కలిపిన ముద్ద నేను తినలేదు. "నేనే వడ్డించుకుంటాలే" అనేదాన్ని. అమ్మ తన పని తాను చేసుకుంటోందని అది సంబరపడేది. సంగతి నాకు తెలుసని దానికి తెలియదు. అది చేసింది తప్పో ఒప్పో నాకూ తెలియదు. ఒకటే తెలుసు. లోకమంతా కలుపుతోందని నేను భయపడుతుంటే, నీ భ్రమ అమ్మా అని చెప్పింది అదే, కలిపిందీ అదే.

ఆసుపత్రి బల్ల

నెలకోసారి రాజమండ్రి వెళ్ళి చూపించుకోవాలి. అక్కడ హాల్లో బల్లల మీద కూర్చునే ఉండాలి, పేరు పిలిచేదాకా. మాలాంటి మనుషుల్ని ఆ బల్లల మీద చూస్తే తెలిసిపోతుంది. గోడ వైపు కూర్చుంటారు. వీపు వెనక ఎవరూ ఉండకూడదు.

అక్కడ ఒకావిడ తిరుగుతూ ఉండేవారు. తెల్లటి నేత చీర, మెడలో కళ్ళజోడు తాడు. ఆసుపత్రి మనిషి కాదు, చీటీ పట్టుకున్న రోగి కాదు. ఒకరోజు నా పక్కన, మధ్యలో మనిషి పట్టేంత చోటు వదిలి కూర్చున్నారు. సంచిలోంచి అరటిపళ్ళు తీసి బల్ల మీద పెట్టారు. నాకు ఇవ్వలేదు, మధ్యలో పెట్టారంతే.

"మీకు కావలసింది మీరే కోసుకోండి. తొక్క నేను ముట్టుకోను" అన్నారు.

తొక్క సంగతి ఈవిడకి ఎవరు చెప్పారు? దుర్గ చెప్పిందా? వీళ్ళంతా ఒకటేనా? అటువైపు తిరిగి కూర్చున్నాను. తరవాతి నెల మళ్ళీ అలాగే కూర్చున్నారు. ఆ తరవాతి నెల నేనే అడిగాను.

"మీరెవరండీ? మీకిక్కడ పనేంటి?"

"నా పేరు మంగతాయారు. అమలాపురం పక్కన పిల్లలకి పాఠాలు చెప్పేదాన్ని. ఒకప్పుడు మీరు కూర్చున్న చోటే కూర్చున్నానండి. ఇప్పుడు పక్కన కూర్చుంటున్నాను. అదే పని."

"అది కూడా ఒక పనేనా?"

"దానికి ఇంగ్లీషులో పొడుగాటి పేరుందండి. మేం తోడు మనిషి అంటాం."

ఆ పండు ఆ రోజు తిన్నాను. ఆవిడని నమ్మి కాదు, ఆకలేసి.

కార్తీకంలో ఆవిడ ఇంకో మాట తెచ్చారు. గోదావరి గట్టున ఒక చోట మూడు రోజుల శిబిరం ఉందట. జబ్బు పడి లేచి, ఇప్పుడు ఇంకొకళ్ళ పక్కన కూర్చునేవాళ్ళంతా కలుస్తారట. "మీరూ రండి. మీరు ఈ పనికి పనికొస్తారు" అన్నారు.

"చదువు రాని మనిషిని. నాతో మీకేం పనండీ?"

"మీరు ఎవర్నీ తొందరగా నమ్మరు. ఆ బల్లల మీద కూర్చునేవాళ్ళకి అలాంటి మనిషే కావాలి."

పొగిడితే నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది. దుర్గ మాత్రం వెంటనే, "వెళ్ళమ్మా, నేను దింపుతాను" అంది. అంత వెంటనే ఎందుకు అంది?

రాజమండ్రి ప్రయాణం

సంచిలో నాలుగు చీరలు, మాత్రలు, పెంకు తియ్యని గుడ్లు, అరటిపళ్ళు పెట్టుకున్నాను. దుర్గ చూసి నవ్వింది. "మూడు రోజులూ అవే తింటావా?" నేను సంచి మూతి ముడేశాను.

రైల్లో కిటికీ దగ్గర కూర్చుని ఆగిన ప్రతి చోటా ఎదుటాయన్ని అడిగాను, ఇదేం ఊరండీ అని. నిడదవోలులో బండి ఎక్కువసేపు ఆగింది. దిగిపోదామా అనిపించింది.

"ఏంటమ్మా, పోలీసులా స్టేషన్లన్నీ లెక్క రాసుకుంటున్నావు? రాజమండ్రే వెళ్తున్నాం. నీకు చెప్పిన ఊరే."

అదే నా భయం. పోయినసారి ఊరి పేరు మార్చి తీసుకెళ్ళారు. ఈసారి ఊరి పేరు అలాగే ఉంచి పని పేరు మార్చారేమో. శిబిరం అన్నారు. తీర్థం అన్నది కూడా మంచి మాటే కదా.

గోదావరి బ్రిడ్జి మీద అందరూ చిల్లర తీసి నీళ్ళలోకి వేసి దణ్ణం పెట్టుకున్నారు. నేను పెట్టలేదు. పోయినసారి ఒళ్ళో కొబ్బరికాయ పెట్టుకుని దణ్ణం పెట్టాను.

స్టేషను బయట ఒక ఆటో అతను నేరుగా నా దగ్గరకే వచ్చాడు. గుబురు మీసం, మెడలో తువ్వాలు.

"వీరలక్ష్మి గారంటే తమరేనాండీ?"

"నీకెలా తెలుసు?"

"మేష్టారమ్మ గారు ఆనవాలు చెప్పారండి. సంచి గుండెలకి అదుముకుని, ఎక్కేముందు నా బండి నంబరు చూసే ఆవిడ ఎవరైతే ఆవిడేనన్నారు. ఇప్పుడు చూస్తున్నారు కదాండి."

నిజంగానే చూస్తున్నాను. అంకెలైతే నాకు వచ్చు.

"నా పేరు సత్తిబాబండి. రండి పిన్నిగారూ. అమ్మాయిగారూ, మీరూ కూచోండి."

దారంతా అద్దంలోంచి నన్ను చూస్తూనే ఉన్నాడు. ఊరు దాటి గట్టు ఎక్కాం. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క కొబ్బరి తోటలు. తోట మధ్యలో పొడుగాటి పెంకుటిల్లు, చుట్టూ గోడ, ఇనుప గేటు. గేటుకి తాళం వేలాడుతోంది. తెరిచే ఉంది గాని, తాళం తాళమే. నేను ఆటో దిగలేదు.

"ఈ గేటు రాత్రుళ్ళు వేస్తారా?"

"గేదెలొస్తాయండి. పువ్వుల మొక్కలన్నీ మేసేస్తాయి. గొళ్ళెం పెడతామంతే."

"మరి తాళం దేనికి?"

"అది ఇల్లు అద్దెకిచ్చిన వాళ్ళదండి. తాళంచెవి వాళ్ళ దగ్గరే ఉంది. మాకు ఇచ్చిందే లేదు."

మా మాటలు విని మంగతాయారు గారు బయటికి వచ్చారు. నన్ను పలకరించి, దుర్గని కాస్త పక్కకి తీసుకెళ్ళి ఏదో చెప్పారు. దుర్గ తల ఊపింది. మా తమ్ముడు కూడా ఆసుపత్రి గుమ్మంలో డాక్టరు గారితో అచ్చం ఇలాగే మాట్లాడాడు. అప్పుడు కూడా అవతలి మనిషి తల ఊపడం నేను చూశాను.

పారిపోవాలంటే ముందు ఇల్లు తెలియాలి. దిగి గదులన్నీ చూశాను. ఎవరూ ఆపలేదు. గడియలు లోపలి వైపు ఉన్నాయి. బయటి వైపు గడియలు ఉండాల్సిన చోట మేకులు ఊడదీసిన చిల్లులు మాత్రం ఉన్నాయి. వేలు పెట్టి చూశాను. చిల్లు అంచున చెక్క తెల్లగా ఉంది. ఈ మధ్యనే తీశారు. ఎందుకు తీశారు? మేము లోపలికి చేరాక మళ్ళీ బిగిస్తారా?

కిటికీ ఊచలు సన్నవి. ఒక గదిలో ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. వాళ్ళ వీపులు కూడా గోడకే ఉన్నాయి. నన్ను చూసి ఒకావిడ తన సంచి దగ్గరికి లాక్కుంది. నేనూ నా సంచి దగ్గరికి లాక్కున్నాను.

ఆ తరవాత వంటింట్లోకి వెళ్ళాను. అక్కడ ఆగిపోయాను.

భోజనాల వేళ దాటుతోంది. పొయ్యి మీద ఏమీ లేదు. పొయ్యి వెలిగించనే లేదు. గిన్నెలు తోమి బోర్లించి ఉన్నాయి. నేల మీద బియ్యం బస్తా, మూతి కుట్టు విప్పలేదు. నూనె పాకెట్లు, ఉప్పు పాకెట్లు, పెరుగు పాకెట్లు, ఏ ఒక్కటీ కత్తిరించలేదు. వంకాయలు, బీరకాయలు బుట్టలో ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

మా గోదావరి జిల్లాల్లో పుట్టిన మనిషి ఎవరైనా సరే, మనుషులు వస్తున్నారని తెలిసి ఎసరు కూడా పెట్టకుండా ఉంటారా? రేకుల షెడ్డులో ఉన్నప్పుడు కూడా మా గట్టు మీదికి మేత లారీ డ్రైవరు వచ్చినా నేను కంచం పెట్టకుండా పంపలేదు. కాబట్టి ఇది చుట్టాలు వచ్చే ఇల్లు కాదు. మనుషులుండీ వంట లేని చోటు ఏదుంటుంది? ఆసుపత్రిలో కూడా ఉండేది కాదు. పెద్ద క్యాన్లలో బయటి నుంచి వచ్చేది. అంతా కలిపి, మూత బిగించి వచ్చేది.

"దుర్గా, పద. వెళ్ళిపోదాం" అన్నాను.

"ఏమైందమ్మా?"

"పొయ్యి చూడు."

దుర్గ చూసింది. దాని మొహం కూడా మారింది. అది నా పెంపకమే కదా, వెంటనే చీర కొంగు బొడ్లో దోపింది. "పాపం మనుషులు లేనట్టున్నారు. ఉండమ్మా, నేను వండి పడేస్తాను, ఎంతసేపు. కూర్చో" అని గ్యాసు దగ్గరికి వెళ్ళబోయింది.

"వద్దు దుర్గమ్మా" అన్నారు వెనక నుంచి మంగతాయారు గారు. "నువ్వు ఇలా గడప ఇవతల కూర్చో. ఇక్కడ వెంట వచ్చిన ఇంటివాళ్ళు వండకూడదు. మా కట్టుబాటు."

నాకు ఇంక ఆగలేదు. "కట్టుబాట్లు మాకు చెప్తున్నారా? దూరం నుంచి వచ్చిన వాళ్ళకి ఇంత అన్నం వండి ఉంచాలని మీ ఊళ్ళో తెలియదాండీ? మీరు కోనసీమ వాళ్ళట. మీ అమ్మగారు నేర్పలేదా?"

దుర్గ, "అమ్మా!" అంది. మంగతాయారు గారు నవ్వలేదు, కోప్పడలేదు.

"నేర్పిందండి. ఈ వంటిల్లు చూస్తే చీపురు తిరగేసేది. మొదటిసారి ఈ శిబిరం పెట్టినప్పుడు పొద్దున్నే లేచి నేనే వండాను. పులిహోర, ముద్దపప్పు, గుత్తి వంకాయ, పరమాన్నం. అరిటాకులు వేసి అందరికీ వడ్డించాను. ఒక్కరు ముట్టుకోలేదు."

"నేను కడుపునొప్పి అన్నానండి" అన్నాడు ఎవరో. చూస్తే ఆటో సత్తిబాబు. వెళ్ళిపోయాడనుకున్నాను. కత్తిపీట ముందేసుకుని కూర్చున్నాడు. "బయటికెళ్ళి తాటిముంజలు కొట్టించుకు తిన్నానండి. ఒకాయన ఏకాదశి అన్నాడు. ఆ రోజు ఏకాదశి కాదండి."

"నువ్వు డ్రైవరువి కదా?" అన్నాను.

"డ్రైవర్నేనండి. పిచ్చాణ్ణి కూడానండి. రెండూ చేసుకోవచ్చు."

చాపల మీద ఆడవాళ్ళు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ఒకావిడ పెదాలు కదిలాయి, నవ్వు ఆపుకుంటోంది.

"మా అందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఇంట్లోవాళ్ళు తిండిలో మందు కలిపి పెట్టారండి" అన్నారు మంగతాయారు గారు. "మా ఆయన కాఫీలో వేసేవారు. ఇప్పటికీ కాఫీ నేనే పెట్టుకుంటాను. ఆయన పాపం గ్లాసు పట్టుకుని నిలబడతారు, నాకూ ఇంత పొయ్యవే అని."

"మా ఆవిడ చేపల పులుసులో వేసిందండి" అన్నాడు సత్తిబాబు. "పులుసులో అది కరగలేదు. తెల్లగా పైకి తేలింది. ఇదేం చేపే, నేను ఎప్పుడూ చూళ్ళేదు అన్నాను."

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. దుర్గ నవ్వలేదు.

"అందుకే ఇక్కడ ఎవరూ ఎవరికీ వండి ఉంచరండి" అన్నారు ఆవిడ. "వచ్చినవాళ్ళే పాకెట్లు చించుతారు. వచ్చినవాళ్ళే పొయ్యి వెలిగిస్తారు. ఆలస్యమైతే అవుతుంది. ఇప్పుడు మీ అమ్మాయిని పక్కకి పిలిచి చెప్పింది కూడా అదే. ఆకలేసినా ఓర్చుకో, మీ అమ్మకి నువ్వు వడ్డించకు అని."

నేను దుర్గ వైపు చూశాను. అది గడప అవతల కూర్చుని తల వంచుకుని కాలి బొటనవేలు గోరు గిల్లుకుంటోంది. చిన్నప్పుడు గట్టు మీద పిల్లల్ని కొట్టి వచ్చినప్పుడు అలాగే కూర్చునేది. నాకు తెలుసని దానికి ఆ క్షణంలో తెలిసింది.

సత్తిబాబు వంకాయలు తరగడం మొదలుపెట్టాడు. నేను వెళ్ళి బియ్యం బస్తా కుట్టు విప్పాను. ఉప్పు పాకెట్టు పళ్ళతో చించి, నాలిక మీద వేసుకుని చూసి, డబ్బాలో పోశాను. పొయ్యి వెలిగించాను. ఎసరు పెట్టాను. నా వీపు గోడ వైపు లేదు, మనుషుల వైపు ఉంది. అది కూడా చాలాసేపటికి గాని నాకు తెలియలేదు.

అన్నం ఉడుకుతుండగా దుర్గ వైపు తిరగకుండానే అడిగాను.

"ఎన్నాళ్ళు కలిపావే?"

"నువ్వు మాత్రలు నా చేతికివ్వు అన్న రోజుదాకా."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"ఎవరికి చెప్పనమ్మా? నువ్వు అక్కడ ఉన్నావా?" దాని గొంతు లేచింది. "గోడ వైపు తిరిగి పడుకునేదానివి. నీళ్ళు కూడా తాగేదానివి కాదు. నాన్న పోయాడు. నువ్వు కూడా పోతావని డాక్టరు గారి దగ్గర ఏడిస్తే ఆయన ఈ దారి చెప్పారు. మాత్ర నలుపుతుంటే నా చేతులు వణికేవి. అందుకే సరిగా నలగలేదు."

"అవును. పెచ్చు మిగిలింది."

"చూశావా?"

"చూశాను. చెరువులో అయితే మేత ట్రేలో మిగిలిపోయేది. జిగురు లేకుండా కలిపితే అంతే."

అది ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు. "నీకు పెట్టాక నాకు అన్నం సయించేది కాదమ్మా" అంది. "రోజూ నీకు అబద్ధం తినిపిస్తున్నట్టే ఉండేది."

నువ్వు చేసింది తప్పు కాదు అందామంటే నాకు నోరు రాదు. తప్పు అంటే నేను ఈ పొయ్యి దగ్గర బతికి నిలబడి ఉండటం అబద్ధమవుతుంది. "అన్నం వార్చాలి, గుడ్డ ఇటు పడెయ్" అన్నాను. గడప దాటకుండా విసిరింది.

వంట అయ్యేసరికి బాగా పొద్దు వాలింది. వడ్డించుకుని అందరం కూర్చున్నాం. పెరుగు పాకెట్టు నేనే కోసి అన్నంలో పోసుకుని కలుపుతుంటే, దుర్గ ఎదురుగా వచ్చి కూర్చుని చెయ్యి చాపింది. చిన్నప్పుడు చాపినట్టు. ఒక ముద్ద పెట్టాను. అది ముద్ద వైపు చూడలేదు. వేలితో విప్పలేదు. నోట్లో వేసుకుని మింగేసి మళ్ళీ చెయ్యి చాపింది. మనుషులు అలా తింటారని నేను మరిచిపోయాను. అంత తేలిగ్గా తింటారని.

చీకటి పడకముందే సత్తిబాబు దుర్గని రైలుకి తీసుకెళ్ళాడు. ఆటో చప్పుడు వినపడకుండా పోయాక నేను గేటు దగ్గరికి వెళ్ళి గొళ్ళెం తీశాను. తోశాను. తెరుచుకుంది. గట్టు మీద కాసేపు నిలబడ్డాను. ఎవరూ పిలవలేదు. లోపలికి వచ్చి గొళ్ళెం పెట్టాను. గేదెలొస్తాయి కదా.

ఇప్పుడు

ఆ మూడు రోజులూ నేను అందర్నీ నమ్మేశానని ఎవరైనా అనుకుంటే తప్పు. ఒకాయన పాఠం చెప్పడానికి వచ్చి బాగా నవ్వుతూ మాట్లాడాడు, ఆయన మీద నాకు ఇప్పటికీ అనుమానమే. ఏది జబ్బు అనుమానమో ఏది బుద్ధి అనుమానమో నాకు పూర్తిగా తెలియదు. తెలియకపోతే ఇప్పుడు పక్కన ఉన్న మనిషిని అడుగుతున్నాను. అడగడమే నేను అక్కడ నేర్చుకున్నది.

ఇప్పుడు నెలకి కొన్నిసార్లు ఆ ఆసుపత్రి బల్లల దగ్గర కూర్చుంటున్నాను. మధ్యలో మనిషి పట్టేంత చోటు వదులుతాను. పెంకుతో ఉడికించిన గుడ్లు పెట్టుకుంటాను. మొన్న ఒక పిల్ల తల్లి నా దగ్గరికి వచ్చి గుసగుసగా, "మా పిల్ల మాత్ర వేసుకోవట్లేదు పిన్నిగారూ, పాయసంలో కలపనా?" అని అడిగింది. మందు మానమని నేను ఎవరికీ చెప్పను. మందు లేకపోతే నేను ఇది చెప్పడానికి ఉండేదాన్ని కాదు. ఆవిడతో ఇంతే అన్నాను. "ముందు డాక్టరు గారినే ఇంకోసారి అడుగమ్మా. ఇంకే దారీ లేక కలిపితే, పిల్ల కోలుకున్న రోజు మాత్రం నువ్వే చెప్పు. అది వేలితో కనుక్కునేదాకా ఉంచకు."

శిబిరం నుంచి ఇంటికి వచ్చిన రోజు దుర్గ నన్ను కూర్చోబెట్టి ముందు రెండు పెట్టింది. కంచంలో పెరుగన్నం. పక్కన గిన్నె మూతలో మాత్ర.

"ఇది అన్నం. ఇది మందు" అంది.

మాత్ర వేసుకుని నీళ్ళు తాగాను. తరవాత పెరుగన్నంలో చెయ్యి పెట్టాను. పెట్టాక ఆగలేకపోయాను. మెతుకు మెతుకూ వేళ్ళ మధ్య చిదిమి చూశాను. కంచం అడుగు దాకా చూశాను. నాకే సిగ్గేసింది గాని చెయ్యి ఆగలేదు. దుర్గ తలుపు దగ్గర లేదు. ఎదురుగా కింద కూర్చుంది. కంచం వైపు చూడటం లేదు, నా మొహం వైపు చూస్తోంది.

"చూసుకోమ్మా. నీకు తీరేదాకా చూసుకో."

చూసుకున్నాను. ఏమీ లేదు. తిన్నాను.